ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికేనా? – ఎన్.బి.ఏ. ప్లేఆఫ్స్ జరిగే పద్ధతి



బాస్కెట్‌బాల్ ఆటను 1891వ సంవత్సరంలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు కనిపెట్టారు. పీచ్ పండ్లు వేసుకునే బుట్టలను గోడకు ఎత్తుగా కొట్టించి అందులో బంతి వేయించారు. అందువలన దానికి బుట్టబంతి అని పేరు వచ్చింది. ఈ సంగతి జి.కె.లో అందరం చదివినదే. కానీ ఆ దేశంలో జీతం తీసుకుని ఆడే పెద్ద టీముల్లో ఛాంపియన్ ఎవరో ఎలా తేలుస్తారు అన్నది మనం చదవలేదు. పీఈటీ మేడం ఫోనులో మ్యాచులు చూపిస్తూ చెప్పినవి నేను రఫ్ నోట్సులో రాసుకున్నాను. వచ్చే నెల మన హౌసుల పోటీలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఎన్.బి.ఏ. అనగా నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్. ఇందులో 30 టీములు ఉన్నవి. 29 అమెరికావి, ఒకటి కెనడాలోని టొరంటోది. వీటిని తూర్పు 15, పడమర 15 అని రెండు భాగాలు చేసారు. వాటిని ఈస్టర్న్ కాన్ఫరెన్స్, వెస్టర్న్ కాన్ఫరెన్స్ అంటారు. తూర్పు పడమర అంటే మన ఊళ్లో చెరువుకి ఇటూ అటూ అన్నట్టు కాదు. ఒక చివర బోస్టన్, ఇంకో చివర లాస్ ఏంజిలెస్. మధ్యలో సుమారు 4 వేల కిలోమీటర్లు. విమానంలో వెళ్లి ఆడి వస్తారు.

ముందుగా లీగ్ జరుగును. అక్టోబరులో మొదలై ఏప్రిల్‌లో అయిపోతుంది. ఒక్కొక్క టీము 82 మ్యాచులు ఆడవలెను. 41 సొంత ఊరి కోర్టులో, 41 బయట ఊళ్లలో. మొత్తం ఎన్ని మ్యాచులో లెక్క కట్టండి. 30 ఇంటూ 82 అంటే 2,460. ఒక మ్యాచ్‌లో రెండు టీములు ఉంటాయి కాబట్టి సగం చేయాలి. 1,230 మ్యాచులు! ఈ ఆటలో డ్రా ఉండదు. 48 నిమిషాలకి పాయింట్లు సమానం ఐతే ఇంకో 5 నిమిషాలు ఆడిస్తారు. అప్పటికీ సమానం ఐతే మళ్లీ 5 నిమిషాలు. ఎవరో ఒకరు గెలిచేవరకు వదలరు.

అన్ని మ్యాచులు ఆడినాక ఎక్కువ గెలిచినవాళ్లకే కప్పు ఇచ్చేయొచ్చు కదా మేడం అని నేను అడిగాను. ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగ్‌లో అలాగే ఇస్తారంట. అమెరికా వాళ్లు అలా ఇవ్వరు. లీగ్ అంతా ఎవరు ఏ స్థానంలో నిలబడాలో చెప్పడానికే. తూర్పులో 1 నుంచి 15, పడమరలో 1 నుంచి 15 ర్యాంకులు వేస్తారు. ఆ తరువాత అసలు పోటీ సున్నా నుంచి మొదలు. దాన్నే ప్లేఆఫ్స్ అంటారు.

ప్లేఆఫ్స్‌లోకి తూర్పు నుంచి 8, పడమర నుంచి 8, మొత్తం 16 టీములు వెళ్తాయి. ఇందులో మొదటి 6 ర్యాంకులకు ఏ పరీక్షా లేదు, తిన్నగా వెళ్లిపోతారు. మిగిలిన రెండు స్థానాల కోసం 7, 8, 9, 10 ర్యాంకుల టీములు కొట్లాడుకోవాలి. దీనిని ప్లే-ఇన్ అంటారు. 2021 నుంచి ఈ రూపంలో జరుగుతున్నది. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చిన భాగం కాబట్టి మెల్లగా చెప్తాను. పక్కన వేసిన బొమ్మ కూడా చూడండి.

ఏడో టీము, ఎనిమిదో టీము ఆడతాయి. గెలిచినవాళ్లు ఏడో స్థానంతో లోపలికి. తొమ్మిదో టీము, పదో టీము ఆడతాయి. ఓడినవాళ్లు ఇంటికి. ఇప్పుడు 7-8 మ్యాచ్‌లో ఓడినవాళ్లు, 9-10 మ్యాచ్‌లో గెలిచినవాళ్లు ఆడతారు. అందులో గెలిస్తే ఎనిమిదో స్థానం. చూసారా, ఏడు, ఎనిమిది ర్యాంకుల వాళ్లకు ఒక ఓటమి మాఫీ. వాళ్లు రెండు మ్యాచుల్లో ఒక్కటి గెలిస్తే చాలు. తొమ్మిది, పది వాళ్లు మాత్రం రెండూ గెలవాలి. లీగ్‌లో కష్టపడినవాళ్లకి ఇంకో అవకాశం ఎక్కువ, వెనకబడినవాళ్లకి కూడా తలుపు పూర్తిగా మూయలేదు. టీవీలో ఐపీఎల్ చూసేవాళ్లకి ఇది తెలిసినట్టే ఉంటుంది. అక్కడ క్వాలిఫైయర్-1 ఓడినవాళ్లు, ఎలిమినేటర్ గెలిచినవాళ్లు క్వాలిఫైయర్-2 ఆడతారు కదా, అచ్చం అదే.

దీని గురించి రాస్తుంటే మా పెదనాన్న కూతురు గుర్తొచ్చింది. అక్కకి పదో తరగతిలో లెక్కలు ఒక్కటే పోయింది. మిగతావి అన్నీ పాస్. సప్లిమెంటరీ పరీక్ష అని ఒకటి ఉంటుందని మా గూడెంలో ఎవరికీ తెలియదు. మా ఇళ్లలో మా కంటే ముందు బడికి వెళ్లినవాళ్లు లేరు. తెలిసేసరికి ఫీజు కట్టే తేదీ దాటిపోయింది. ఆ ఎండాకాలమే అక్కకి పెళ్లి చేసారు. నిజానికి అక్క ఎనిమిదో ర్యాంకు టీము లాంటిది, ఒక్క మ్యాచే ఓడింది. పదో తరగతి అక్కలూ, ఫలితాలు వచ్చాక ఎవరికైనా ఏదైనా పోతే ఊళ్లో కూర్చోవద్దు, వెంటనే బడికి వచ్చి ఫీజు తేదీ అడగండి. ఫోను లేకపోతే ఎవరి చేతనైనా చేయించండి. ఇది బాస్కెట్‌బాల్ కాదు కానీ ఇక్కడ రాయాలి అనిపించింది, రాసాను.

సరే, ఇప్పుడు 16 టీములు వచ్చేసాయి. తూర్పు వాళ్లు తూర్పు వాళ్లతో, పడమర వాళ్లు పడమర వాళ్లతో ఆడతారు. ఒకటో ర్యాంకుకు ఎనిమిదో ర్యాంకు, రెండోదానికి ఏడోది, మూడోదానికి ఆరోది, నాలుగోదానికి ఐదోది. అనగా బాగా ఆడినవాళ్లకు అందరికంటే తేలికైన జత. జతలోని ర్యాంకులు కూడి చూడండి, ప్రతి జతకీ 9 వస్తుంది. గెలిచినవాళ్లు రెండో రౌండు, ఆ తరువాత కాన్ఫరెన్స్ ఫైనల్. తూర్పు విజేత, పడమర విజేత ఆఖరున ఎన్.బి.ఏ. ఫైనల్స్ ఆడతారు. మొత్తం నాలుగు రౌండ్లు.

ఇంతవరకు మన జోనల్ పోటీల లాగానే ఉన్నది కదా. తేడా ఇక్కడ వస్తుంది. ప్రతి రౌండులో ఒక జత ఒక్క మ్యాచ్ ఆడి ఊరుకోదు. ఏడు మ్యాచులు పెట్టుకుంటారు. ముందుగా ఎవరు నాలుగు గెలిస్తే వాళ్లు పైకి. దీనిని బెస్ట్ ఆఫ్ సెవెన్ అంటారు. 4-0 ఐతే నాలుగు మ్యాచుల్లోనే అయిపోతుంది. 3-3 ఐతే ఏడోది ఆడతారు. కప్పు కావాలంటే నాలుగు రౌండ్లలో 16 గెలుపులు కావాలి. తక్కువలో తక్కువ 16 మ్యాచులు, ఎక్కువలో ఎక్కువ 28. ఒక్కటి కూడా ఓడకుండా 16కి 16 ఇంతవరకు ఏ టీమూ గెలవలేదు. 2017లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 16 గెలిచి ఒక్కటి ఓడారు. అనగా ఛాంపియన్ కూడా ఓడతాడు. నాకౌట్‌లో ఛాంపియన్ ఓడడు, ఎందుకంటే ఓడిన రోజే ఇంటికి పంపిస్తారు!

ఏడు మ్యాచులు ఎవరి ఊళ్లో ఆడాలి? ఇది కూడా రాసి పెట్టుకున్నారు. ర్యాంకు ఎక్కువ ఉన్న టీము ఊళ్లో మొదటి రెండు. తరువాత రెండు రెండో టీము ఊళ్లో. ఐదోది ఇక్కడ, ఆరోది అక్కడ, ఏడోది మళ్లీ ఇక్కడ. 2-2-1-1-1 అని గుర్తు పెట్టుకోండి. ఏడో మ్యాచ్ సొంత ఊళ్లో రావడం పెద్ద లాభం. అందుకోసమే లీగ్‌లో 82 మ్యాచులూ ఒళ్లు దాచుకోకుండా ఆడతారు. ఫైనల్స్‌లో మాత్రం ర్యాంకు చూడరు, లీగ్‌లో ఎవరు ఎక్కువ గెలిచారో చూస్తారు. ఇదివరకు, 1985 నుంచి 2013 వరకు, ఫైనల్స్‌లో 2-3-2 అని ఆడేవారు. దూరం ఎక్కువ కదా, ప్రయాణాలు తగ్గుతాయని. కానీ అలా ఐతే 2-2 సమానంగా ఉన్నప్పుడు ముఖ్యమైన ఐదో మ్యాచ్ తక్కువ గెలిచిన టీము ఊళ్లో పడుతుంది. అది న్యాయం కాదని 2014 నుంచి మార్చారు.

సొంత ఊరు లాభం ఏమిటో నిరుడు బయట పోటీలకి వెళ్లిన అక్కలని అడగండి. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, జీపులో ఘాట్ రోడ్డు దిగి, ఇద్దరు వాంతులు చేసుకుని, పది గంటలకి కోర్టులో దిగారు. అవతలి టీము ఆ ఊరి పిల్లలే. రాత్రి వాళ్ల మంచాల మీద పడుకుని, పొద్దున టిఫిన్ తిని వచ్చారు. మన టీము 3 పాయింట్లతో ఓడింది. ఆఖరి పది నిమిషాల్లో మన అక్కలే ఎక్కువ పాయింట్లు వేసారు. ఐనా పోటీ నాకౌట్. సర్టిఫికెట్ ఇచ్చి పంపేసారు. చీకటి పడేసరికి హాస్టల్లో ఉన్నారు. రెండో మ్యాచ్ ఉండి ఉంటే అని ఆ రాత్రి అందరూ అదే మాట్లాడుకున్నారు.

ఉండి ఉంటే నిజంగా తేడా వచ్చేదా? దీనికి లెక్క ఉన్నది. లెక్కల సారు సంభావ్యత పాఠం చెప్పినప్పుడు నేను అడిగితే బోర్డు మీద చేయించారు. ఒక టీము కొంచెం మంచిది అనుకోండి. 10 మ్యాచులు ఆడితే 6 గెలుస్తుంది, 4 ఓడుతుంది. ఒక్కటే మ్యాచ్ పెడితే ఆ మంచి టీము 1000 సార్లకి 600 సార్లు గెలుస్తుంది. 400 సార్లు ఇంటికి పోతుంది. ఇప్పుడు మూడు మ్యాచులు పెట్టి రెండు గెలిస్తే చాలు అందాం. రెండూ వరసగా గెలిచేది 1000లో 360 సార్లు. గెలిచి, ఓడి, గెలిచేది 144. ఓడి, గెలిచి, గెలిచేది 144. కూడితే 648. ఐదు మ్యాచులకు సుమారు 683. ఏడు మ్యాచులకు 710. మ్యాచులు పెరిగేకొద్దీ అదృష్టం తగ్గి ఆట మిగులుతుంది. ఐనా 710 దగ్గర ఆగింది చూడండి. మిగతా 290 సార్లు ఏడు మ్యాచుల్లో కూడా చిన్న టీమే గెలుస్తుంది. అందుకే జనం చూస్తారు. ముందే తెలిసిపోయేదానికి టికెట్టు ఎవరు కొంటారు?

ఎన్.బి.ఏ. వాళ్లు కూడా ఏడు మ్యాచులు ఒక్కసారే పెట్టలేదు. మొదటి రౌండు ఒకప్పుడు మూడు మ్యాచులే. 1984లో ఐదు చేసారు. 2003 నుంచి ఏడు చేసారు. ఐదు మ్యాచుల రోజుల్లో, 1994లో, డెన్వర్ నగ్గెట్స్ అనే ఎనిమిదో ర్యాంకు టీము ఒకటో ర్యాంకు సియాటిల్ సూపర్‌సోనిక్స్‌ను 3-2తో ఓడించింది. ఎనిమిది ఒకటిని ఓడించడం అదే మొదటిసారి. 1999లో ఎనిమిదో ర్యాంకు న్యూయార్క్ నిక్స్ ఏకంగా ఫైనల్స్‌కే వెళ్లి అక్కడ ఓడిపోయింది. ఏడు మ్యాచులు పెట్టాక ఇలాంటివి కష్టం అనుకున్నారు. కానీ 2023 వచ్చింది.

2023 కథ చెప్పకపోతే ఈ పాఠం సగమే. మయామి హీట్ అనే టీము లీగ్‌లో 44 గెలిచి 38 ఓడింది. అంత గొప్ప కాదు. ప్లే-ఇన్‌లో మొదటి మ్యాచ్ సొంత ఊళ్లోనే అట్లాంటా హాక్స్ చేతిలో ఓడింది. నాకౌట్ ఐతే అక్కడితో సరి. కానీ రెండో అవకాశం ఉన్నది కదా, చికాగో బుల్స్‌ను ఓడించి ఎనిమిదో స్థానంతో లోపలికి వచ్చింది. మొదటి రౌండులో ఎదురుగా మిల్వాకీ బక్స్. లీగ్‌లో 58 గెలిచిన టీము అది, ఆ ఏడు అందరికంటే ఎక్కువ. హీట్ 4-1తో గెలిచింది. నాలుగో మ్యాచ్‌లో జిమ్మీ బట్లర్ ఒక్కడే 56 పాయింట్లు వేసాడు. న్యాయంగా చెప్పాలంటే బక్స్ పెద్ద ఆటగాడు యానిస్ మొదటి మ్యాచ్‌లోనే వీపుకి దెబ్బ తగిలి రెండు మ్యాచులు ఆడలేదు. తరువాత నిక్స్‌ను 4-2తో ఓడించారు.

కాన్ఫరెన్స్ ఫైనల్‌లో బోస్టన్ సెల్టిక్స్. హీట్ 3-0 ఆధిక్యం. ఎన్.బి.ఏ. చరిత్రలో 0-3 వెనకబడిన టీము మళ్లీ లేచి గెలిచింది లేదు. 150 సార్లకు పైగా అలా వెనకబడ్డారు, 2025 వరకు ఒక్కరు కూడా గెలవలేదు. ఐనా సెల్టిక్స్ ఒకటి గెలిచారు, రెండు గెలిచారు. ఆరో మ్యాచ్‌లో ఒక పాయింటు వెనక ఉండగా, సమయం అయిపోతుంటే, రింగుకి తగిలి వచ్చిన బంతిని డెరిక్ వైట్ గాల్లోనే లోపలికి నెట్టాడు. అప్పటికి గడియారంలో సెకనులో పదో వంతు మిగిలింది. 104-103. సిరీస్ 3-3! ఏడో మ్యాచ్ బోస్టన్‌లో. అందరూ సెల్టిక్స్ అనుకున్నారు. హీట్ 103-84తో గెలిచి ఫైనల్స్‌కి వెళ్లింది. అక్కడ డెన్వర్ నగ్గెట్స్ చేతిలో 4-1తో ఓడిపోయింది. కథల్లో లాగ కప్పు రాలేదు. 2025 వరకు ఎనిమిదో ర్యాంకు టీము ఎప్పుడూ కప్పు గెలవలేదు. 1995లో ఆరో ర్యాంకు హ్యూస్టన్ రాకెట్స్ గెలిచినదే అన్నిటికంటే కింది నుంచి వచ్చిన గెలుపు.

1-3 నుంచి లేచినవాళ్లు మాత్రం ఉన్నారు. 2016 ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ కావలియర్స్ ఎదుట వారియర్స్. వారియర్స్ ఆ ఏడు లీగ్‌లో 82కి 73 గెలిచి రికార్డు పెట్టారు. ఫైనల్స్‌లో 3-1 ముందున్నారు. క్లీవ్‌లాండ్ వరసగా మూడు గెలిచి కప్పు ఎత్తుకుపోయింది. ఫైనల్స్‌లో అలా జరగడం అదే మొదలు. ఏడో మ్యాచ్ స్కోరు 93-89.

ఇవన్నీ మగవాళ్ల ఆటలే కదా అంటారేమో. అమెరికాలో ఆడవాళ్లకు డబ్ల్యు.ఎన్.బి.ఏ. ఉన్నది. 1997లో మొదటి సీజన్ ఆడారు. వాళ్ల ప్లేఆఫ్స్‌కి 8 టీములు. తూర్పు, పడమర చూడకుండా ఎక్కువ గెలిచిన ఎనిమిది. 2016 నుంచి 2021 వరకు వాళ్ల మొదటి రెండు రౌండ్లు ఒక్కొక్క మ్యాచే. అచ్చం మన లాగ నాకౌట్. సీజన్ అంతా ఆడి ఒక్క సాయంత్రం ఓడితే ఇంటికి. 2022లో దాన్ని తీసేసి మొదటి రౌండు మూడు మ్యాచులు చేసారు. కానీ మొదటి రెండూ పెద్ద ర్యాంకు వాళ్ల ఊళ్లోనే. 2-0 ఐపోతే చిన్న టీము ఊరివాళ్లు ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా చూడకుండానే సరి. 2025లో అది కూడా మార్చి ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ అన్నారు. అదే ఏడు ఫైనల్స్‌ను మగవాళ్ల లాగ ఏడు మ్యాచులు చేసారు. అందులో లాస్ వెగాస్ ఏసెస్ టీము ఫీనిక్స్ మెర్క్యురీని 4-0తో ఓడించి కప్పు గెలిచింది.

ఇక మన హౌసుల పోటీలు. ప్రతి ఏడు రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్. మూడు మ్యాచులు, రెండు సాయంత్రాల్లో అయిపోతాయి. ఏడు మ్యాచులు పెట్టమని నేను అనను. స్టడీ అవర్ ఉన్నది, ఒకటే కోర్టు ఉన్నది, బంతులు రెండే ఉన్నవి, అందులో ఒకటి గాలి నిలవదు. కానీ నాలుగు హౌసులకు ప్లే-ఇన్ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. నిరుటి స్థానాలే ర్యాంకులు అనుకుందాం. మొదటి సాయంత్రం ఒకటికి రెండు, మూడుకి నాలుగు ఆడతాయి. 1-2లో గెలిచినవాళ్లు ఫైనల్‌కి. 3-4లో ఓడినవాళ్లు బయటికి. రెండో సాయంత్రం 1-2లో ఓడినవాళ్లకి, 3-4లో గెలిచినవాళ్లకి మ్యాచ్. గెలిచినవాళ్లు ఫైనల్‌కి. ఫైనల్ మాత్రం మూడు మ్యాచులు. మొదటిది మూడో సాయంత్రం, రెండోది నాలుగో సాయంత్రం, 1-1 ఐతే కాసేపు ఆగి అదే రోజు మూడోది.

మొత్తం కలిపి ఎక్కువలో ఎక్కువ 6 మ్యాచులు. ఐదేసి నిమిషాల నాలుగు భాగాలు, మధ్యలో నీళ్లు తాగడం, అంతా కలిపి ఒక మ్యాచ్‌కి అరగంట. రోజూ ఆటల పీరియడు గంట. కాబట్టి నాలుగు సాయంత్రాలు సరిపోతుంది. ఇప్పటికంటే రెండు రోజులే ఎక్కువ.

మనకి ఒకటే కోర్టు కాబట్టి సొంత ఊరు లాభం ఉండదు అనుకోవద్దు. సాయంత్రం పడమర రింగుకి వేసేవాళ్లకి ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. సగం అయ్యాక వైపులు మారేసరికి ఎండ టేకు చెట్ల వెనక్కి దిగిపోతుంది. కాబట్టి మొదట ఏ వైపు వేయాలో ర్యాంకు ఎక్కువ ఉన్న హౌసు కోరుకోవాలి. టాస్ వద్దు.

ఈ పద్ధతి పీఈటీ మేడంకి చూపించాను. నాలుగు హౌసుల కెప్టెన్లు ఒప్పుకుంటే ఆలోచిద్దాం అన్నారు. ఈ కాగితం కింద నాలుగు గళ్లు గీసాను, హౌసుకి ఒకటి. ఎర్ర హౌసు, ఆకుపచ్చ హౌసు కెప్టెన్లు సంతకం పెట్టారు. నిరుడు గెలిచిన నీలం హౌసు అక్క ఇంకా పెట్టలేదు. అక్కా, మీది ఒకటో ర్యాంకు. ఈ పద్ధతిలో మొదటి రోజు ఓడినా మీరు ఇంకా పోటీలోనే ఉంటారు, పాత పద్ధతిలో ఉండరు. పసుపు హౌసు వాళ్లది నాలుగో ర్యాంకు కాబట్టి వాళ్లకి ఇది కష్టం, ఫైనల్ చేరాలంటే రెండు వరసగా గెలవాలి. వాళ్లు ఒప్పుకోకపోతే ఎందుకో గడిలోనే రాయండి. ఆదివారం కాగితం తీసి మేడంకి ఇస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని